వంత పలికిన గొంతు

ఒక్క మాట బరువును ఇన్నేళ్లు మోశాను. పెద్ద మాటేమీ కాదు. ఒక వారం పేరు. అడిగితే పసిపిల్లలు కూడా చెప్పే మాట. దాన్ని ఒక మధ్యాహ్నం మా మిద్దె మీది గదిలో మా చిన్నాయనకు చెప్పాను. చెప్పినప్పుడు నా గొంతు వణకలేదు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరూ ఊరూ మీకు చెప్పను. మర్యాద తెలియని మనిషి అనుకోకండి. పేరూ ఊరూ లేకుండా మనసులో మాట చెప్పుకోవడం నాకు ఒకప్పుడు అలవాటు. ఆ అలవాటు గురించే చెప్పబోతున్నాను. వింటున్నందుకు మీకు ముందే దండం పెట్టుకుంటున్నాను. దండం పెట్టడం నాకు చాలా తేలిక. నా తప్పు కూడా ఆ తేలికలోనే ఎక్కడో ఉంది.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా నాయన సేద్యం చూసుకునేవాడు. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, పార్టీ చూసుకునేవాడు. పార్టీ అంటే మా వైపు ఆ రోజుల్లో ఏమిటో అప్పుడు బతికినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పులివెందుల వైపు ఒక ఊళ్లో ఇంకో ఇల్లు ఉండేది. ఒకప్పుడు ఆ ఇంటికీ మా ఇంటికీ రాకపోకలు. ఒక ఎలక్షన్ తర్వాత అవి నిలిచిపోయాయి. ఆ పైన మా వాకిట్లో జీపులు నిలబడ్డాయి. గొడ్ల కొట్టం పక్క గదికి తాళం పడింది. ఆ గది వైపు పిల్లలు పోకూడదు, దాని పక్కన పొయ్యి వెలిగించకూడదు.

నన్ను బడి మాన్పించింది అప్పుడే. అయినా నాయన నన్ను చదువుకు దూరం చెయ్యలేదు. పొద్దున పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని తానే నా ఎదురుగా కూర్చునేవాడు. తెలుగు, లెక్కలు, పురాణం, కొంచెం ఇంగ్లీషు. తనకు రాని పాఠాన్ని ముందు రోజు తాను నేర్చుకుని మరీ చెప్పేవాడు. ఆయన రుణం నేను తీర్చుకోలేను. సాయంత్రాలు అమ్మ భజన పాటలు నేర్పేది. తాళాలు పట్టుకోవడం, ఒక చరణం పాడి వంతవాళ్లు అందుకునేదాకా ఆగడం. ఆ ఆగడం నాకు బాగా అబ్బింది.

మా అన్న బెంగళూరులో చదివేవాడు. ఒక సెలవులకు వచ్చినప్పుడు రెండు క్యాసెట్లు పట్టే టేప్ రికార్డరు తెచ్చాడు. పోతూ దాన్ని నాకే వదిలి పోయాడు. పాతది కొన్నాడు. ఒక జబ్బు ఉందని ముందే చెప్పాడు. "దీంట్లో పాతపాట మీద కొత్తది ఎక్కిస్తే పాతది పూర్తిగా పోదు పాపా. అడుగున సన్నగా ఇనపడతానే ఉంటాది. నువ్వేం భయపడాకు, దయ్యం గియ్యం కాదు." దానితోపాటు హాస్టల్ స్నేహితుడి దగ్గర నకలు తీసుకున్న ఒక క్యాసెట్టూ మరిచిపోయి పోయాడు. అందులో ఉన్నది పంక్ రాక్ అని నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు.

మొదటిసారి విన్నప్పుడు క్యాసెట్ నలిగిపోయిందేమో అనుకున్నాను. రెండోసారి విన్నప్పుడు నా చెయ్యి తెలియకుండానే తాళం వేసింది. చెక్కభజనలో చివరికొచ్చేసరికి ఆడేవాళ్లు ఒళ్లు మరిచి గిరగిరా తిరుగుతారు చూడండి, ఈ పాటలు అక్కడ మొదలై అక్కడే అయిపోతాయి. స్వరాలు మూడో నాలుగో. మిగతాదంతా అరుపు. మా ఇంట్లో ఆడవాళ్లు గట్టిగా మాట్లాడరు. జీపు చప్పుడైతే ఉన్న మాట కూడా మింగేస్తారు. ఎక్కడో తెలియని దేశంలో ఎవరో నా బదులు అరుస్తున్నారనిపించింది. వాళ్లు దేవుణ్ణి తిడుతున్నారో ఏమో, నాకా భాష అంత అర్థం కాదు. కానీ ఆ పాటలు విన్నాక దీపం పెడితే నా మనసు నెమ్మదిగా ఉండేది. తప్పో ఒప్పో, అది మాత్రం నిజం.

అమ్మ పుట్టిల్లు ప్రొద్దుటూరు. అవ్వకు ఒంట్లో బాగుండక, ప్రతి సోమవారం ఆమెను చూడడానికి పోయేవాళ్లం. అవ్వ వాళ్ల వీధి మొదట్లో మస్తానన్న క్యాసెట్ అంగడి ఉండేది. ఖాళీ క్యాసెట్ ఇస్తే కోరిన పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. ఒకసారి మా అన్న క్యాసెట్ ఇచ్చి దీనికి నకలు కావాలన్నాను. కాసేపు విని మస్తానన్న చెవి రుద్దుకున్నాడు.

"ఇది పాటనేనా మా, లేకుంటే వడ్ల మిల్లులో పెట్టి ఎక్కిచ్చినారా?"

"పాటే అన్నా."

"నీతో పాటు ఈ మిల్లు పాటలు ఇంటాండే మనిషి ఇంకొకడుండాడు. జిల్లా మొత్తంలో మీ ఇద్దరికే ఈ రోగం. ఆయప్ప కాడ శానా ఉండాయి. అడిగి ఇప్పిస్తా. ఒకటే మాట. పేరొద్దు, ఊరొద్దు. నువ్వెవురి బిడ్డవో నాకు తెల్సు. ఆయప్ప ఎవురి కొడుకో కూడా తెల్సు. మీకు తెలియాల్సిన పన్లేదు. ఆయప్ప వచ్చేది శనివారం. నువ్వు శనివారం ఈ పక్కకే రావాకు."

అలా మొదలైంది. అతను శనివారం క్యాసెట్ పెట్టి పోతాడు. నేను సోమవారం తీసుకుంటాను. రెండో పక్క చివర మిగిలిన జాగాలో అతను మాట్లాడతాడు: ఏది ముందు వినాలి, ఏది ఎందుకు బాగుంది. నేను నా మాటలు ఎక్కించి తిరిగి ఇస్తాను. మా సీమలో ఊరి పేరు చెబితే చాలు, మనిషి ఏ వైపో తెలిసిపోతుంది. అందుకని మా మధ్య ఉన్నవి పాటలే. మేమిద్దరం ఒకర్నొకరం ఎప్పుడూ చూసుకోలేదు.

మొదటి క్యాసెట్ చివర అతని గొంతు ఇలా అన్నది: "నువ్వెవురో నాకు తెలీదు. మస్తానన్న మాట్లాడమన్నాడు, మాట్లాడతాండా. ముందు రెండో పక్క ఇను. మొదటి పక్క ముందే ఇన్యావంటే తలకాయ నొచ్చి ఇంగ జన్మలో ఈ పాటల జోలికి రావు."

ఆ బ్యాండ్ల పేర్లు మా నోటికి తిరిగేవి కావు. నకలు మీద నకలు కాబట్టి అట్టలూ ఉండేవి కావు. మేమే పేర్లు పెట్టుకున్నాం. గిటారు కట్టె కోస్తున్నట్టు మోగేది రంపం బ్యాండు. డ్రమ్ములు రేకుల మీద వడగండ్లు పడ్డట్టుండేవాళ్లు రేకులోళ్లు. ఆడమనిషి పాడే బ్యాండుకు అక్కగారి గుంపు అని నేనే పేరు పెట్టాను. ఆ పేరు విని అతను క్యాసెట్‌లో చాలాసేపు నవ్వాడు. ఒక మనిషి నవ్వును అంతసేపు ఒంటరిగా వినడం నాకు అదే మొదలు.

అతనికి రంపం బ్యాండంటే ప్రాణం. అతను ఏది పంపినా నేను చాలా బాగుంది, చాలా మేలు చేశారు అనేదాన్ని. "ఏమ్మే, ప్రతిదానికీ దండం పెడతాండావే నువ్వు," అని ఎగతాళి చేసేవాడు. "ఒకటన్నా బాగలేదని తిట్టు. ఈ పాటలు ఇనేవాళ్లు తిట్టకుండా ఉంటే యట్ల?"

మా వైపు 'మ్మే' అంటే చనువు. అన్న చెల్లెల్ని అంటాడు, మొగుడు పెళ్లాన్నీ అంటాడు. అతను ఏ చనువుతో అన్నాడో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను.

ఆ రోజుల్లో మా ఇంట్లో, అన్నాల దగ్గర, ఓబులేసు అనే పేరు రెండు మూడుసార్లు విన్నాను. పులివెందుల వైపున్న ఆ ఇంటి పెద్దాయనకు ఒక్కగానొక్క కొడుకు. గొడవల్లో లేనివాడు. బెంగళూరు నుంచి వచ్చి ఇంట్లోనే ఉంటున్నాడు. "కొడుకు యాడ తిరుగుతాండాడో తెలిస్తే సాలు," అన్నాడు చిన్నాయన, మజ్జిగ పోయించుకుంటూ. మజ్జిగ పోస్తున్నది నేనే. ఆ మాట నాకు వినపడింది. వినపడలేదని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకోబోయాను. వినపడింది.

తర్వాతి సోమవారం వచ్చిన క్యాసెట్ చివర, అతను మాట్లాడుతుండగా, వెనక ఎక్కడో దూరంగా ఒక ఆడమనిషి పిలిచింది. "ఓబులేసూ, అన్నం సల్లారిపోతాండాది, రా నాయనా." అతను మాట ఆపాడు. మైకుకు చెయ్యి అడ్డం పెట్టిన చప్పుడు. తర్వాత తిరిగి పాటల గురించే మాట్లాడాడు. కానీ గొంతు మారింది.

ఆ ముక్కను నేను వెంటనే చెరిపెయ్యాల్సింది. ఆ టేప్ రికార్డరులో సగమైనా చెరిగేది. చెరపలేదు. ఎందుకో చెప్పనా? ఆ పిలుపు నాకు నచ్చింది. బువ్వ తినమని పిలిచే గొంతు ఏ వైపు ఇంట్లోనైనా ఒకేలా ఉంటుందని అప్పుడే తెలిసినట్టు, వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ వింటూ కూర్చున్నాను. అది బుధవారం మధ్యాహ్నం. ఇంట్లో అందరూ నడుం వాల్చారు. చిన్నాయన మిద్దె ఎక్కి వచ్చిన అలికిడి నాకు తెలియలేదు.

"ఏంది పాపా ఆ అరుపులు? ఎవురినో నరుకుతాండారనుకుంటి," అని నవ్వుతూ మంచం మీద కూర్చున్నాడు.

నేను ఆపబోయాను. "ఉండనీ," అన్నాడు. పాట అయిపోయింది. అతని మాటలొచ్చాయి. చిన్నాయన కళ్లు మూసుకుని, పురాణం వింటున్నట్టు విన్నాడు. ఆ పిలుపు వచ్చింది.

"ఇంకోసారి పెట్టు."

పెట్టాను.

"ఇంకోసారి."

మూడోసారి విన్నాక కళ్లు తెరిచాడు. "ఈమె చేతి అన్నం తిన్నా నేను," అన్నాడు నెమ్మదిగా. "ఇస్తరాకు నిండేదాకా ఇడిసిపెట్టేది కాదు." మీట నొక్కి టేప్ ఆపాడు. "ఈయప్ప నీకెట్ల తెల్సు పాపా?"

"నాకు తెలీదు చిన్నాయనా. పాటలు ఇస్తాడు, అంతే. మస్తానన్న అంగట్లో."

"తెలీనోడు నిన్ను మ్మే అంటాండాడే."

నేను నేల చూశాను.

"మీ నాయనకు చెప్పేదా?"

"వద్దు చిన్నాయనా."

"సరే, చెప్పన్లే. యా పొద్దు వస్తాడు ఆడికి?"

ఆయన కోప్పడలేదు. గొంతు పెంచలేదు. నా చెయ్యి పట్టుకోలేదు. తెలియదని చెప్పి ఉంటే బహుశా దిగి పోయేవాడు. అతను మానేశాడని చెప్పొచ్చు. వేరే వారం చెప్పొచ్చు. వారానికి ఎన్ని రోజులున్నాయి. నా పరువు గడప దాటకుండా ఉండాలి, నాయన నన్ను చూసే చూపు మారకూడదు, టేప్ రికార్డరు నా దగ్గరే ఉండాలి. నా మనసులో ఉన్నవి ఈ మూడే. నాలుగో ఆలోచనకు చోటు లేదు.

"శనివారం," అన్నాను.

చిన్నాయన నా తల నిమిరాడు. "మంచి బిడ్డవు," అన్నాడు. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "పాటలు బాగుండాయి. ఇంటా ఉండు," అన్నాడు.

అసలు సిగ్గుపడే సంగతి ఇప్పుడు చెబుతాను. ఆయన దిగి పోగానే నా మనసు నిండా కలిగింది కృతజ్ఞత. నాయనకు చెప్పనన్నందుకు. నన్ను కొట్టనందుకు. గోడకున్న ఆంజనేయస్వామి పటానికి చేతులు జోడించి, నన్ను కాపాడినావు స్వామీ అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను. ఆ దండాన్ని ఎవరు అందుకున్నారో నాకు ఈనాటికీ తెలియదు.

బుధవారానికీ శనివారానికీ మధ్య రెండు రోజుల పొద్దు ఉంది. మా ఇంట్లో ఫోన్ ఉంది. మస్తానన్న పక్క అంగడి నంబరు అవ్వ కోసమని అమ్మ గోడ మీద బొగ్గుతో రాసి పెట్టింది. ఆ గోడ పక్కనే రోజూ నడిచాను. చిన్నాయన ఊరికే అడిగి ఉంటాడు, బెదిరించి వదిలేస్తారు, ఈ సీమలో ఓబులేసులు ఎంతమంది లేరు, అని ఒకదాని వెనక ఒకటి చెప్పుకున్నాను. ఇన్ని సాకులు వెతికానంటే ఏం జరగబోతుందో నాకు తెలుసుననే కదా?

శనివారం నేను ఒక్కపొద్దు. స్వామికి ఆకుపూజ చేశాను. పొద్దున పోయిన జీపు మధ్యాహ్నం దాటాక వచ్చింది. మనుషులు దిగి గొడ్ల తొట్టి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కున్నారు. అమ్మ అందరికీ అన్నం పెట్టింది. ఆ రోజు గొడ్లు ఆ తొట్టిలో నీళ్లు ముట్టలేదని పాలేరు అన్నాడు. నీళ్లు మార్చాక కూడా ముట్టలేదు.

అతను అంగట్లో క్యాసెట్ పెట్టి, బస్సెక్కడానికి నడిచి పోతుండగా జరిగిందట. నేను చూడలేదు, ఎవర్నీ అడగలేదు. సోమవారం పోయేసరికి మస్తానన్న అంగడి తలుపు సగం వేసి ఉంది. నన్ను చూసి, తల ఎత్తకుండా ఒక క్యాసెట్ బల్ల మీద పెట్టాడు.

"ఆయప్ప నీకని పెట్టి పోయినాడు. తీస్కో మా. ఇంగ పాటలొద్దు, ఏం వద్దు."

నేను దాన్ని తీసుకుని దండం పెట్టాను. అలవాటు. మస్తానన్న ఆ చేతుల వంక చూసి తలుపు మూసుకున్నాడు.

అతను శనివారాలు అక్కడికి వస్తాడని తెలిసినవాడు మస్తానన్న ఒక్కడే అని అవతలివాళ్లు అనుకున్నారు. ఊరూ అదే అనుకున్నది. అంగడి పగలగొట్టారు. క్యాసెట్ల రిబ్బన్లు లాగి వీధి పొడవునా పారేశారు. చాన్నాళ్లు అవి కరెంటు తీగలకు చుట్టుకుని, గాలికి మెరుస్తూ ఉండేవి. మస్తానన్న కుడి చెయ్యి విరగ్గొట్టారు. ఆయన భార్యాబిడ్డల్ని తీసుకుని ఊరు విడిచి పోయాడు. ఎక్కడికో తెలియదు. మమ్మల్నిద్దర్నీ ఒకరికొకరు కనపడకుండా కాపాడిన మనిషి ఆయన. ఆ కాపుదల కోసం నాకు చెప్పిన వారం పేరునే నేను తీసుకుపోయి ఇచ్చాను. ఆయనకు ఆ సంగతి తెలిసి ఉంటుందా? నేను దండం పెట్టిన క్షణంలో తెలిసిందేమో. అయినా నా పేరు చెప్పలేదు.

చివరి క్యాసెట్‌లో పాటలు లేవు. ఒక పక్క నిండా మాటలే.

"ఏమ్మే, ఈ తూరి పాటలెక్కియ్యలేదు. నాకు నచ్చినవన్నీ ఎందుకు నచ్చినాయో చెప్తా, ఇను," అని మొదలుపెట్టాడు. రంపం బ్యాండు మొదటి క్యాసెట్ ఎందుకు మేలో, రెండోది ఎందుకు కాదో. రేకులోళ్లు డబ్బున్నోళ్లయినాక ఎట్ల చెడిపోయినారో. మధ్యమధ్య "ఇనినావా?" అని అడిగేవాడు. "ఇది ఇను," అని నోటితో డ్రమ్ములు కొట్టి చూపించాడు. చివర "పోయిన తూరి మా యమ్మ పిలిచింది నువ్వు ఇనే ఉంటావు. ఇంటే ఇన్యావులే. నువ్వు మంచిదానివి, ఎవురికీ చెప్పవు," అన్నాడు. "ఒకటి అడుగుతా. నేనిచ్చిందాన్నల్లా బాగుంది బాగుంది అంటాండావు. నీకు నచ్చిందేదో ఇంతవరకు చెప్పల్యా. ఈ తూరి అది చెప్పు."

విన్నది ఒక్కసారే. చిన్నాయన మళ్లీ మిద్దె ఎక్కుతాడేమోనని నాకు భయం. కాల్చడానికి పొయ్యి దగ్గరికి తీసుకుపోయాను, చెయ్యి రాలేదు. క్యాసెట్ అంచున, ఇంకేదీ దాని మీద రికార్డు కాకుండా అతను మూత విరిచిన చిన్న కన్నం ఉంది. దాన్ని కాగితం ముక్క అంటించి మూసేసి, తాళాలు పట్టుకుని కూర్చుని, అతని మాటల మీద నా భజన పాటలు ఎక్కించాను. ఒక తల్లికి మిగలవలసిన చివరి మాటలు అవి. వాటిని దేవుడి పేరుతో చెరిపాను. ఏ తప్పు పెద్దది, ముందుదా ఇదా, అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఒకదాని కడుపున ఒకటి పుట్టాయి. విడదీసి తూచడం నాకు చేతకాలేదు.

దాన్ని ఏం చెయ్యాలో తెలియక పటం వెనక పెట్టాను. నేను జ్వరంతో పడుకున్న రోజుల్లో అమ్మ చూసింది. కూతురి గొంతు విని మురిసిపోయి, నాతో చెప్పకుండానే భజన గుడి పూజారికి ఇచ్చింది. ఒక తెల్లవారుజామున మైకులో నా గొంతు విని లేచాను. క్యాసెట్‌లో నేను చరణం పాడాను. అలవాటు ప్రకారం వంతవాళ్ల కోసం ఆగాను. కానీ పాడేటప్పుడు నేను ఒంటరిని కదా, వంతవాళ్లు లేరు. ఆ ఖాళీలో, చాలా అడుగు నుంచి, ఊరి మీదుగా అతని గొంతు వచ్చింది.

"ఇనినావా?"

మళ్లీ చరణం. మళ్లీ ఖాళీ. "ఇది ఇను."

దయ్యం కాదని అన్న ముందే చెప్పాడు. టేప్ రికార్డరు జబ్బు అది. నాకు తెలుసు. తెలిసినా దుప్పటి నిండా కప్పుకుని, ప్రతి చరణం దగ్గరా ఎదురుచూశాను. ఎక్కించేటప్పుడు నేను పాడుతున్నది స్వామికి అనుకున్నాను. అతని ప్రతి ప్రశ్న దగ్గరా జాగా వదులుతూ పోయానని అప్పుడు తెలిసింది.

ఊరు వేరేగా అనుకుంది. "పాప పాటకు సామి వంత పలుకుతాండాడు," అన్నాడు పూజారి. జనం పొద్దున్నే వచ్చి మైకు కింద నిలబడేవాళ్లు. "ఇనినావా?" అని వినపడగానే ఒక ముసలవ్వ "ఇన్యా సామీ, ఇన్యా" అని కళ్లు తుడుచుకునేది. నన్ను చూస్తే జనం చేతులు జోడించేవాళ్లు. మీరు పొరపడ్డారు, అది దేవుడి గొంతు కాదు, అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెబితే ఎవరిదో చెప్పాలి.

చిన్నాయన కూడా వచ్చాడు. మనుషుల్ని గుడి బయట ఆపి, తువ్వాలు నడుముకు చుట్టుకుని, మైకు కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. మిద్దె మీద గదిలో ఎలా విన్నాడో అలాగే విన్నాడు. నేను ప్రసాదం గిన్నె పట్టుకుని ఎదురుగా ఉన్నాను. "ఇనినావా?" అన్నది గొంతు. చిన్నాయన కళ్లు తెరిచి తిన్నగా నన్ను చూశాడు.

"యెనక ఎవురో ఉండారు పాపా."

"సామి అంటాండారు చిన్నాయనా."

ఆయన నా చేతిలోంచి ప్రసాదం తీసుకుని నోట్లో వేసుకోకుండా గుప్పిట్లోనే ఉంచుకుని పోయాడు. ఆ గుడికి మళ్లీ రాలేదు. కొన్నేళ్లకు మంచాన పడ్డాడు. గుడిలో కొత్త మైకు సెట్టు వచ్చి, ఆ క్యాసెట్ ఆగిపోయి, అప్పటికే చాలా రోజులైంది. పట్టపగలు, ఊరంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, "ఆ మైకు ఆపండప్పా," అనేవాడు. ఏ మైకు చిన్నాయనా అని అందరూ అడిగేవాళ్లు. నేను అడిగేదాన్ని కాదు. ఆయనకు మందు పట్టేటప్పుడు ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం. ఆయన ఆ మాటతోనే పోయాడు.

పూజారి క్యాసెట్‌ను పసుపూ కుంకుమా పెట్టి, దండం పెట్టి, నాకు తిరిగి ఇచ్చాడు. ఇప్పుడు అది నా దగ్గరే ఉంది. ఆ పొడి రిబ్బనులోకి దిగింది. నా పాట చాలాచోట్ల అరిగిపోయింది. విచిత్రం ఏమిటంటే, పైన ఉన్న నా గొంతు పోతున్నకొద్దీ అడుగున ఉన్నది తేటగా వినపడుతోంది. నా చెవులే అలా తయారయ్యాయో ఏమో.

అతని తల్లి ఇంకా ఉందని విన్నాను. పులివెందుల బస్సు మా ఊరి రోడ్డు మీదుగానే పోతుంది. ఒకసారి క్యాసెట్ కొంగున కట్టుకుని రోడ్డు దాకా పోయాను. బస్సు ఆగింది. కండక్టరు ఓపిగ్గా నిలబడ్డాడు, మంచి మనిషి. ఎక్కలేదు. ఆమె ముందు నిలబడి ఏమని మొదలుపెట్టాలి? ఆమె అన్నం తినమంటే ఏం చెయ్యాలి?

మస్తానన్న చెప్పలేదు. ఈ ముక్క చదివేవాళ్లలో ప్రొద్దుటూరువాళ్లు ఎవరైనా ఉంటే, ఆయన మీద ఇంకా ఆ మాట ఉంచుకుని ఉంటే, తీసెయ్యండి. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. శనివారం అన్నది నేను. నా నోటితో, బెదిరింపు లేకుండా, చెప్పాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. స్వామిని కూడా అడగడం మానేశాను. పొద్దున దీపం పెడతాను, పాట పాడతాను, చరణం తర్వాత ఆగుతాను. ఆ ఖాళీ అలాగే ఉంటుంది. ఇది రాస్తున్నంతసేపు మాత్రం ఊపిరి కొంచెం లోపలిదాకా పోయింది. అందుకు మీకు దండం పెట్టబోయి, చేతులు వెనక్కి తీసుకున్నాను.

ఇంకొక్కటి మిగిలింది. అతను అడిగినదానికి నేనింకా జవాబు చెప్పలేదు.

నాకు నచ్చింది అక్కగారి గుంపు. వాళ్ల రెండో క్యాసెట్, మొదటి పక్క, చివరి పాట. అందులో ఆమె అరిచి అరిచి ఒకచోట ఆగుతుంది. అందరూ ఆగిపోతారు. ఆమె ఊపిరి తీసుకోవడం ఒక్కటే వినపడుతుంది. ఆ చోటు నాకు నచ్చింది. రంపం బ్యాండు నాకు ఎప్పుడూ అంతగా నచ్చలేదు.